సూదక్క రాసిన చీటీలు

ఆ ఊరి ఆసుపత్రిలో అత్యవసర విభాగం అంటే రెండు మంచాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు, నర్సు సూదక్క. ఆమె అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. పాము కరిచినా, పురుగుమందు తాగినా, ట్రాక్టరు తిరగబడినా చుట్టుపక్కల జనం ఇరవై రెండేళ్లుగా ముందు ఆమె దగ్గరికే పరుగెత్తుతున్నారు. పెద్దాసుపత్రికి రెండు గంటల దారి. ఆ రెండు గంటలకు సరిపడా ప్రాణం మనిషిలో నిలబెట్టి పంపడం ఆమె పని.

అయితే పెద్దాసుపత్రితో ఒక తంటా ఉండేది. రోగితో పంపే చీటీలో వైద్యం చేశామని రాస్తే, మిగతాదీ మీరే చూసుకోండంటూ గుమ్మంలోంచే తిప్పి పంపేవారు. అలా తిప్పి పంపిన ఒక బాలింత దారిలోనే పోయింది. మర్నాడు అప్పటి డాక్టరు ఉపాయం చెప్పాడు.

"అక్కా, చేసిందేదీ రాయకు. సౌకర్యాలు లేవు, పంపుతున్నాం అని రాయి. చేసింది అంబులెన్సు డ్రైవరుతో నోటిమాటగా చెప్పించు."

ఉపాయం పారింది. కడుపు కడిగి విషం తీసిన రోజూ, ఆగిన గుండెను కొట్టుకునేలా చేసిన రోజూ ఆమె అదే ముక్క రాసింది.

ఆ డాక్టరే ఎదిగి పై అధికారి అయ్యాడు. మొన్న ఉదయం ఆయన కారు దిగగానే సూదక్క మొహం చాటంతయింది. మూడో మంచం ఎక్కడ పడుతుందో కొలిచి పెట్టుకుంది కూడా. ఆయన బల్ల మీద చీటీల కట్ట పెట్టి, ఈ విభాగం మూసేస్తున్నామన్నాడు. పదేళ్లలో ఒక్కరికీ ఇక్కడ వైద్యం జరగలేదట. సాక్ష్యం ఆమె చేతిరాతేనట.

"అలా రాయమంది మీరే కదా సార్."

ఆయన కిటికీ వైపు చూశాడు. "నేను చెప్పినట్టు కాగితం ఏమైనా ఉందా అమ్మా?"

రోగుల్ని గుమ్మంలోంచి తోసేసిన పెద్దాసుపత్రిని ఎవరూ నిలదీయలేదు. అబద్ధం రాస్తే తప్ప మంచం దొరకని పద్ధతి నడిపినవాళ్లనూ అడగలేదు. దోషం మాత్రం ప్రాణం నిలిపిన చేతికి అంటింది.

మధ్యాహ్నానికి సంగతి బజారంతా పాకింది. జనం గేటు దగ్గర గుమికూడారు. పట్నం బదిలీ కోసమే సూదక్క రాసిచ్చిందని ఒకరన్నారు, ఇంకొకరు ఔనన్నారు. పోయినేడు ఆమె గుండె నొక్కి బతికించిన ట్రాక్టరు డ్రైవరు ముందుకొచ్చాడు.

"మాకేమీ చేయలేదని రాశావంట. మరి నా పక్కటెముకలు రెండు విరగ్గొట్టిందెవరక్కా?"

ఎవరూ నవ్వలేదు. సూదక్క తెల్లకాగితం తెచ్చి, ఆ సంగతే రాసి సంతకం పెట్టమంది. అతను కలం పట్టుకుని ఆగిపోయాడు.

"ఇది రాస్తే నీ రాతలన్నీ అబద్ధాలని నేనే చెప్పినట్టు కాదా? నీ ఉద్యోగం ఊడుతుంది."

గేటు దగ్గరి జనంలో ఒక్కరూ ఆమె కళ్లలోకి చూడలేదు.

"ఊడనీ," అంది సూదక్క. "తేదీతో సహా రాయి."