ఎత్తి తాగిన టీ

ముందే చెప్పేస్తున్నాను. నా నోట్లో పడ్డ పిల్లి ఏనుగై బయటికొస్తుంది. మా ఆవిడ నేను చెప్పే ప్రతిదాన్నీ పదితో భాగించి వింటుంది. మీరూ అలాగే చదువుకోండి. కోపాన్ని మాత్రం భాగించకండి, అందులో కల్తీ లేదు.

దోహాలో చమురు సొమ్ము పొంగిపొర్లుతున్న రోజులు. పొద్దున డ్యూటీకి వెళ్ళేటప్పుడు లేని టవరు, సాయంత్రం వచ్చేసరికి ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మా ఫ్లాటుకు ఎండ రాకుండా అడ్డం నిలబడేది. మా కంపెనీలో డిజైన్లు చూసే జపాన్ పెద్దాయన ఒకాయనకు ఒక అలవాటుండేది. ఏ అంతస్తు పూర్తయినా, పని చేసినవాళ్ళను పిలిచి తమ దేశపు పద్ధతిలో టీ ఇచ్చేవాడు. అద్దాలకు స్టిక్కర్లయినా తీయని పంతొమ్మిదో అంతస్తులో చాప పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ఒక్క గిన్నెడు టీ కలిపేలోగా మేం ఇరవయ్యోది లేపేసేవాళ్ళం.

ఆ రోజు పిలుపు ముగ్గురికి: మా మేనేజరు, నేను, జగిత్యాల మేస్త్రీ. మేనేజరుదీ నాదీ కృష్ణా జిల్లానే. మేస్త్రీ పద్దెనిమిదేళ్ళుగా ఎండలో రాళ్ళు పరిచి మోకాళ్ళు అరగదీసుకున్నవాడు. ఫోర్‌మన్ పోస్టు ఖాళీగా ఉంది. ఫోర్‌మన్ అంటే నీడలో కుర్చీ. అది మేస్త్రీకే ఇవ్వాలని పెద్దాయన అంటే, "టీకి రానివ్వండి, చూద్దాం" అన్నాడు మేనేజరు.

గిన్నె ఒక్కటే. తాగినవాడు అంచు గుడ్డతో తుడిచి పక్కవాడికివ్వాలి. మేనేజరు తాగాడు, నేను తాగాను. మేస్త్రీ గిన్నె అందుకుని, తల వెనక్కి వాల్చి, జానెడు పైనుంచి ఎత్తి పోసుకోబోయాడు. అది టీనా, పచ్చరంగు సిమెంటు ముద్ద. కదల్లేదు. ఇంకా కదల్లేదు. ఆ తర్వాత మొత్తం ఒక్కసారే దిగింది. మీసం, చొక్కా, చాప అన్నీ తడిశాయి. ఖతర్ ఎడారిలో అంత పచ్చదనం నేను మళ్ళీ చూడలేదు.

"ఏంట్రా ఇది? పశువుల కొట్టం అనుకున్నావా?" అన్నాడు మేనేజరు.

"ఎంగిలైతది గద సార్. గిన్నె మల్ల పెద్దసారు దగ్గరికే పోతదనుకున్న. నా ఎంగిలి ఆయనకెట్ల తాపుత?"

పెద్దాయన తన గుడ్డతోనే చాప తుడుస్తూ, అతనేమన్నాడని ఇంగ్లీషులో అడిగాడు.

"మర్యాద తెలియని మనిషి సార్. క్షమించమంటున్నాడు," అన్నాడు మేనేజరు.

క్షమించమని ఎవడన్నాడు? ఆ చాప మీద పక్కవాడి గురించి ఆలోచించి తాగినవాడు అతనొక్కడే. నా ఒంట్లో వేడికి పంతొమ్మిది అంతస్తుల ఏసీలూ చేతులెత్తేశాయి. దిగ్గున లేచాను. "అబద్ధం సార్. మీరు అంచు తుడిచిస్తారు, మావాడు అసలు అంచే తాకడు. రెండూ ఒకటే," అన్నాను. పెద్దాయన నుదురు చాపకు ఆనేలా మేస్త్రీ ముందు వంగాడు.

కల్పించింది ఇదే, నేను లేచిన దగ్గర్నుంచి. టీ అలాగే ఒలికింది, మేనేజరు అలాగే అన్నాడు. నేను మాత్రం లేవలేదు. నా కాంట్రాక్టు రెన్యువల్ అతని చేతిలో ఉంది. తడిగుడ్డ మడతలు పెడుతూ కూర్చున్నాను. నీడలో కుర్చీలో ఆ తర్వాత మేనేజరు బావమరిది కూర్చున్నాడు.

టీ తాగిన మర్నాడు లిఫ్టు దగ్గర మేస్త్రీ నన్ను ఆపాడు.

"నిన్న నీ బట్టల మీద పడలేదు గద సార్?"