రేవు డాక్టరు చేతికి తగిలిన నా బల్ల

మొన్న కృష్ణ రేవులో నాకేం జరిగిందో ఇంకెవరో చెప్పకముందే నేనే చెబుతాను. ఊళ్లో అందరి సంగతులూ చెప్పేది నేను. నా సంగతి ఇంకొకరి నోట వింటే ఇక నాకు పరువేముంటుంది?

మన రేవులో చలిజ్వరం డాక్టరు దిగిన సంగతి ఎరుకే కదా. జ్వరం మన ఒడ్డు నుంచి వస్తున్నదని అవతలి ఇంగ్లీషు సర్కారు అంటుంది. కాదు, మీ ఒడ్డు నుంచేనని మన నిజాం సర్కారు అంటుంది. దోమను మాత్రం ఎవరూ అడగలేదు. అందుకని ఈ డాక్టరు ఏరు దాటడానికి పుట్టి ఎక్కబోయే పిల్లల్ని ఆపి, ఎడమ డొక్క కింద వేళ్లతో నొక్కి చూస్తాడు. జ్వరం పాతబడితే అక్కడ గట్టిగా బల్ల కడుతుంది. బల్ల తగిలితే వేలు పొడిచి రక్తం చూస్తాడు. మా బీరయ్య కొడుకు పొట్ట నొక్కి ఆయన చాలాసేపు ఆలోచించాడు. అది బల్ల కాదు, సంకటి!

అవతలి ఒడ్డున మా చెల్లె బిడ్డ పెళ్లి. గోధూళి ముహూర్తం. మేనమామను నేనొక్కణ్ణే. గంపలో పిల్లను ఎత్తుకొని మండపానికి తేవలసింది నేనే. పైగా యుద్ధం రోజులు, అక్కడ బెల్లం దొరకడం లేదట. జీలకర్ర బెల్లానికి నన్నే తెమ్మని చెల్లె కబురు పెట్టింది. గుప్పెడు చాలు. కానీ నేను మేనమామనాయె! పెద్ద ముద్దే తీశాను.

బెల్లం ఏరు దాటనియ్యరు. రేవులో సుంకం నాకా కాడి జవాను సంచులన్నీ దులుపుతాడు. అందుకని ముద్దను గుడ్డలో చుట్టి అంగీ కింద, ఎడమ డొక్కకు కట్టుకున్నాను.

"డాక్టరు అక్కడనే కదనయ్యా చూసేది?" అంది నా పెండ్లాం లచ్చవ్వ.

"నీకేం తెల్వదు. ఆయన పిల్లగాండ్లనే చూస్తడు."

ఆ రోజు నుంచే పెద్దవాళ్లను కూడా చూడటం మొదలుపెట్టాడట. నాకెవరూ చెప్పలేదు. ఊరికంతా వార్తలు మోసేవాడికి వార్త మోసేవాడు ఎవడుంటాడు?

డాక్టరు నా డొక్క మీద చెయ్యి వేశాడు. ఆగాడు. మళ్లీ నొక్కాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"యా అల్లా! ఇంత గట్టి బల్లనా! నొప్పి ఉన్నదా?"

"లేదు సాబ్."

"ఎప్పటి నుంచి ఉన్నది?"

"పొద్దుగాల్ల నుంచి."

"పొద్దుగాల్ల నుంచా?"

పక్కనే జవాను. నిజం చెబితే బెల్లం పోతుంది, నేను ఠాణాకు పోతాను. "అంటే... పొద్దుగాల్ల నుంచి జర బరువు అనిపిస్తాంది సాబ్" అన్నాను.

నా వేలు పొడిచారు. రక్తం తీసుకొని కాంపౌండరు గుడిసెలోకి పోయాడు. చేదు మందు తాగించి నన్ను ఎండలో కూర్చోబెట్టారు. బెల్లం కరగడం మొదలైంది. ఈగలు వచ్చాయి. నేను కదల్లేదు. పక్కన పుట్టివాడు "ముహూర్తం దాటుతది, ఎక్కుతవా లేదా?" అని అరుస్తున్నాడు.

డాక్టరు మళ్లీ వచ్చి లేవమన్నాడు. లేచాను. ముడి వదులైంది. బల్ల డొక్క నుంచి నడుముకు, నడుము నుంచి తొడకు దిగింది. చివరికి డాక్టరు బూట్ల ముందు ధబ్బున పడింది.

డాక్టరు దాన్ని చూశాడు. జవానూ చూశాడు. లచ్చవ్వ మాత్రం ఏరు దిక్కు చూసింది.

"సాబ్, మేనకోడలి పెండ్లి. జీలకర్ర బెల్లానికి..." అని జవాను కాళ్ల మీద పడబోయాను. అతను నవ్వు ఆపుకోలేక గుప్పెడు విరిచి నా చేతిలో పెట్టి, మిగతాది జప్తు చేశాడు. బతికాననుకొని పుట్టిలో కాలు పెట్టానో లేదో, గుడిసెలోంచి కాంపౌండరు కేక.

"సాబ్! ఈ నర్సయ్య నెత్తుర్ల చలిజ్వరం పురుగులున్నయ్!"

బల్ల అబద్ధం. జ్వరం నిజం.

"అయితే దినం తప్పి దినం నువ్వు వణికేది నిజమేనా? పని ఎగ్గొట్టనీకె నాటకమనుకున్న!" అంది లచ్చవ్వ.

పోనివ్వమని డాక్టరు గడ్డం పట్టుకున్నాను. "ఆ ఒడ్డు దోమ నిన్ను కుట్టి ఇంకొకరిని కుట్టిందనుకో, జ్వరం మన దిక్కు నుంచే వచ్చిందంటరు. నా నౌకరి పోతది" అన్నాడాయన. చివరికి ఒక ఉపాయం ఆలోచించి, తన మంచం మీది దోమతెర తెచ్చి నా నెత్తి నుంచి కాళ్ల దాకా కప్పి, పుట్టిలో నా వెంబడి తానూ వచ్చాడు.

గోధూళి వేళకు అందుకున్నాం. పిల్లను గంపలో ఎత్తుకొని, తెరలోంచి దారి కానరాక తడబడుతూ మండపంలోకి నడిచాను. వెనకాల డాక్టరు తెర అంచు పట్టుకొని నడుస్తున్నాడు. బాజాలు ఆగిపోయాయి.

పెండ్లి చేసే అయ్యగారు నన్ను కింద నుంచి పై దాకా చూసి, "అడ్డుతెర ఇంకా పట్టనే లేదు. అప్పుడే పెండ్లిపిల్లను తెరలో ఎందుకు తెచ్చిన్రమ్మా?" అన్నాడు.

మా చెల్లె అత్త నింపాదిగా చెప్పింది. "పిల్ల గంపల ఉన్నది అయ్యగారూ. ఆ తెరల ఉన్నది మేనమామ. మీసాలు చూడున్రి."