మస్తాన్ భాయ్‌కి నేను పెట్టిన పరీక్ష

నమ్మకమైన కారు మెకానిక్‌ను ఎలా గుర్తుపట్టాలో ఈ ఊళ్లో నాకంటే బాగా చెప్పగలిగినవాడు లేడు. ఇంత ధీమాగా ఎందుకు అంటున్నానంటే, ఆ విద్య నేర్చుకునే క్రమంలో నేను మా మరదలి పెళ్లిని నడిరోడ్డు మీద ఆపినంత పని చేశాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా అత్తగారింట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి. మంచి ప్రోగ్రాంలో కావాలని తప్పులు దాచిపెట్టి, వాటిని పిల్లల చేత పట్టించడం నా వృత్తి. రోజుకు నాలుగు బ్యాచ్‌లు. ఆ పని చేసీ చేసీ, అన్నం తింటున్నా ఇందులో ఏం తప్పుందా అని వెతికే జబ్బు పట్టుకుంది. వంటచేసే మనిషికి ఆ జబ్బు ఎంత హాయిగా ఉంటుందో మా ఆవిడ సునీతను అడగండి.

సునీత చెల్లెలు గ్రేసీ పెళ్లి కుదిరింది. శనివారం ఉదయం పది గంటలకు సోమాజిగూడ వైపు ఉన్న చర్చిలో పెళ్లి ఆరాధన. పదకొండున్నరకు అక్కడే ఇంకో పెళ్లి ఉంది కాబట్టి ఆలస్యం కుదరదని పాస్టరుగారు ముందే చెప్పేశారు. మా మామ కిరాయి కారు మాట్లాడదామన్నాడు. నేనొప్పుకోలేదు.

"నా కారుండంగ కిరాయి కారెందుకు మామా? పెళ్లికూతుర్ని నేనే తీస్కపోత."

"నీ బండి సెకండ్‌హ్యాండుది కదా ప్రవీణూ. మధ్యల ఆగితె?"

"ఆగుతదా? మంచి మెకానిక్‌కు చూపిస్త. జర ఫికర్ చేయకుండ్రి."

మంచి మెకానిక్ ఎవడో తేల్చడానికి నా బుర్రలో ఒక పథకం మెరిసింది. మామూలు మనుషులైతే ఇరుగుపొరుగును అడుగుతారు. నేను టెస్టింగ్ మాస్టర్ని కదా! దిట్టంగా ఉన్న నా కారుకు నేనే మూడు తప్పులు పెట్టాను. ఒకటి, ముందు చక్రం కప్పులో ఒక గులకరాయి వేశాను. రెండు, హారన్ వైరు పీకాను. మూడు, బ్యాటరీ మీద వైరును పట్టి ఉంచే బోల్టును పానాతో వదులు చేశాను. మూడూ పట్టుకున్నవాడు ఫస్ట్ క్లాసు. లేనివి చెప్పినవాడు ఫెయిలు. ఇంత తెలివిగల ప్రశ్నపత్రం మన దేశంలో ఇంకెవరూ తయారుచేసి ఉండరని ఆ రోజు నాకు గట్టి నమ్మకం.

మొదట పంజాగుట్టలో ఒక అద్దాల షెడ్డుకు తీసుకెళ్లాను. హైదరాబాద్‌లో హారన్ లేకుండా కారు నడపడమంటే నోటికి గుడ్డ కట్టుకుని చేపల బజారులో బేరమాడటమే. చెమటలు కక్కుతూ చేరాను. వాళ్లు నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. అరగంటకు టై కట్టుకున్న ఒకాయన చాంతాడంత జాబితాతో వచ్చాడు.

"సార్, ముందు సస్పెన్షన్ మొత్తం పోయిందండి. ఆ టకటక శబ్దం దానిదే. హారన్ సెట్టు మార్చాలి. క్లచ్ కూడా చివరికొచ్చేసిందండి."

"క్లచ్ సుతనా? ఏదీ, జర చూపియ్యండి."

"కస్టమర్లను లోపలికి రానివ్వమండి. మా మీద నమ్మకముంచండి."

గులకరాయికి సస్పెన్షన్ మొత్తం మార్చే మహానుభావుడు! నేను కాఫీ తాగేసి, సినిమాలో హీరోలా నడుచుకుంటూ బయటికొచ్చాను. నా పరీక్ష ఎంత గొప్పదో చూశారా? అక్కడితో ఆగి ఉంటే మీకు ఈ కథ చెప్పే అవసరం వచ్చేది కాదు.

తర్వాత అమీర్‌పేటలో మా సందు చివర మస్తాన్ భాయ్ దగ్గరికి వెళ్లి, బండిలో ఏదో శబ్దం వస్తోందని మాత్రం చెప్పాను. రేకుల షెడ్డు, ఒక స్టూలు, గోడకు వరసగా పానాలు. కాఫీ లేదు. ఆయన బానెట్ ముట్టుకోకుండా ముందు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"సౌండ్ ఎప్పుడొస్తుంది సార్? స్పీడ్‌లనా, మెల్లగ పోయేటప్పుడా? బ్రేక్ కొడితె ఆగుతదా?"

పక్కన నన్ను కూర్చోబెట్టుకుని సందు చుట్టూ ఒక రౌండు కొట్టాడు. దిగి, చక్రం కప్పు తీసి, గులకరాయిని నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నన్నే పిలిచి హారన్ వైరు ఊడిన చోటు చూపించి, నా కళ్ల ముందే తగిలించాడు.

"క్లచ్ పోయిందన్నరు భాయ్," అన్నాను.

"ఎవడన్నడు? మస్తుగున్నది. ఇంకో ఏడాది దాన్ని ముట్టకు."

పని వద్దని చెప్పే మెకానిక్‌ను నేను జీవితంలో మొదటిసారి చూస్తున్నాను. కాళ్లకు దండం పెట్టాలనిపించింది. అప్పుడాయన చేతులు తుడుచుకుంటూ నా ముఖంలోకి చూశాడు.

"ఒక్క మాట సార్. రాయి దానంతటది కప్పులకు రాదు. నువ్వేమన్న విప్పినవా? చెప్తె అదొక్కటి చూస్త. లేకుంటె బండంత విప్పాలె, ఉత్తగ నీ టైం ఖరాబు."

చూశారా, ఎంత పెద్దమనిషి! అక్కడ నేను నిజం చెప్పాలి. కానీ పరీక్ష హాల్లో మాస్టరు జవాబు చెబుతాడా?

"లే భాయ్, నేనేం ముట్టలే," అన్నాను బుద్ధిమంతుడిలా.

మూడింటికి రెండు, పాసయ్యాడు, ఆ బోల్టు ఇంటికెళ్లి నేనే బిగిద్దాం అనుకున్నాను. ఇంటికెళ్లేసరికి సునీత, "కేకు ఆర్డర్ ఇచ్చినవా? పూలాయనకు ఫోన్ చేసినవా?" అని అందుకుంది. బోల్టు సంగతి బుర్రలోంచి ఎగిరిపోయింది.

శనివారం ఉదయం కారంతా తెల్ల గులాబీలు. ముందు సీట్లో మామ, వెనక తెల్ల పట్టుచీర, ముసుగుతో గ్రేసీ, పక్కన సునీత. తొమ్మిదిన్నరకు పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ పడింది. పొదుపు కదా, ఇంజిన్ ఆపాను. పచ్చదీపం వెలిగింది. తాళం తిప్పాను. కారు చచ్చినట్టు ఊరుకుంది.

"ఏమైంది?" అన్నాడు మామ.

నాకు తెలుసు ఏమైందో! ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు! దిగి, బానెట్ మీది గులాబీలు పీకి, ఎత్తి చూస్తే బోల్టు లేనే లేదు. ఎక్కడో దారిలో రాలిపోయింది. వైరు పక్కకు వాలి పడుకుంది. గ్రేసీ కిటికీలోంచి, "బావా, టైం అయితుంది. పాస్టరుగారు ఆగరు," అంది ఏడుపు గొంతుతో. ఆ గొంతు వినగానే నాకు నిజంగా ఏడుపొచ్చింది. వెనక హారన్ల మోత. పోలీసాయన విజిల్.

"ఇగ చాలు, దిగుండ్రి!" అన్నాడు మామ. అమీర్‌పేట వైపు నుంచి వస్తున్న షేర్ ఆటోను చెయ్యెత్తి ఆపాడు. అందులో పుస్తకాల సంచులతో కూర్చున్న ఇద్దరమ్మాయిలు పెళ్లికూతుర్ని చూసి నోరు తెరిచి, సర్దుకుని చోటిచ్చారు. ముసుగు మడతపెట్టుకుని గ్రేసీ ఎక్కింది. సునీత ఎక్కబోతూ నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు గురించి నేను రాయను.

పోలీసాయన తిట్లు తింటూ కారును రోడ్డు పక్కకు నెట్టి, మస్తాన్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన వచ్చేలోపు బైకుల వాళ్లు ఒక్కొక్కరే వంగి చూడటం మొదలుపెట్టారు.

"అన్నా, పెళ్లికూతురేది?"

"ఆటోల పోయింది."

"అయ్యో, ఎవరితోని?"

"వాళ్ల నాయినతోని! నువ్వు నడువ్ భాయ్!"

మస్తాన్ భాయ్ స్కూటర్ మీద వచ్చేసరికి పదిన్నర దాటింది. కొత్త బోల్టు బిగించాడు. రెండే నిమిషాలు. కారు స్టార్టయింది. ఆయన మాత్రం కదల్లేదు.

"గిది పానా పెట్టి వదులు చేస్తెనే ఊడుతది. మొన్న అడిగితె ఏం ముట్టలేదన్నవ్."

చెప్పేశాను. పరీక్ష, మూడు తప్పులు, మార్కులు, అంతా. ఆయన గుడ్డతో పానా తుడుచుకున్నాడు.

"మంచి మెకానిక్‌ను గుర్తుపట్టనీకి గింత చేసినవ్. బాగనే ఉన్నది. మంచి కస్టమర్‌ను నేనెట్ల గుర్తుపట్టాలె సార్?"

ఆయన స్కూటర్‌కు తాళం వేసి, వెనక తలుపు తీసి, గులాబీల మధ్య కూర్చున్నాడు.

"నువ్వెందుకు భాయ్?"

"పా, చర్చిదాక నేనూ వస్త. ఇంకేమేం విప్పినవో నాకేం ఎరుక?"

చర్చి దగ్గరికి వెళ్లేసరికి పెళ్లి సుఖంగా అయిపోయింది. కొత్త జంట ఇంకా లోపల సంతకాలు పెడుతోంది; బయటికి రాగానే వాళ్ల మీద పూలు చల్లడానికి చుట్టాలంతా గుప్పిళ్లతో మెట్ల మీద సిద్ధంగా నిలబడ్డారు. పూల కారు కనబడగానే, అందులో ఎవరున్నారో చూసుకోకుండానే వాళ్ల ఉత్సాహం పొంగింది. తలుపు తెరుచుకుంది, బ్యాండు అందుకుంది, గుప్పిళ్లన్నీ ఒక్కసారే విచ్చుకున్నాయి. పూలవానలో, గ్రీసు మరకల చొక్కాతో, చేతిలో పానాతో మస్తాన్ భాయ్ దిగాడు. గ్రేసీ పెళ్లి ఆల్బంలో అందరూ ముందు చూసే ఫొటో అదే.

కాబట్టి, చదువరులారా, కుడిచెయ్యి పైకెత్తి, మిమ్మల్నందరినీ సాక్షులుగా నిలబెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ మెకానిక్‌కూ పరీక్ష పెట్టను. షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ, ఆయన బండిని ముట్టుకోకముందే, నేనేం ముట్టుకున్నానో చెప్పేస్తాను. ఆయన అడగకపోయినా సరే.