పన్నీరు కొట్టాయి

మొన్న వేలూరులో పెళ్లిమండపం గుమ్మంలో అడుగు పెట్టగానే ఏదో యంత్రం బుస్సుమని నా మొహం మీద పన్నీరు చిమ్మింది. ఆ వాసనకు నేను తమిళనాట గుడియాత్తంలో మా పెదనాయన నడిపిన సినిమా కొట్టాయికి వెళ్లిపోయాను. కొట్టాయి అంటే తాటాకు కప్పు, ఇసుక నేల, ఆడవాళ్లకూ మగవాళ్లకూ నడుమ మోకాలెత్తు మట్టిగోడ. వానాకాలం చినుకుల మోతలో పాటలు వినబడవు, ఎండాకాలం మగ్గాల గంజి వాసన, బీడీల పొగాకు వాసన, వేయించిన శెనక్కాయల వాసన కలిసి ఊపిరాడనివ్వవు. మాకు మాత్రం అదే స్వర్గం.

ఊరి నడుమ కుర్చీలూ ఫ్యాన్లూ ఉన్న కొత్త థియేటర్ లేచిన ఏడాది, మా ఇసుక మీద కూర్చునేవాళ్లు కరువయ్యారు. ఊరి జాతరకైనా జనం రాకపోతే పెదనాయన సినిమా మిషను అమ్మేసి ఎవరి నూలుకొట్లోనో గుమాస్తాగా చేరాల్సిందే. తెలుగు మీద ప్రేమకొద్దీ ఆయన చిత్తూరులో తెలుగు నోటీసులు అచ్చేయించి, జట్కాబండి ఎక్కి మనవాళ్ల వీధులన్నిటా పంచాడు. గడగడా తెలుగు మాట్లాడే వీధులే గానీ, తెలుగు అక్షరం వచ్చినవాళ్లు ఏరి? నోటీసులన్నీ శెనక్కాయల పొట్లాలయ్యాయి. ఆయనా ఒక పొట్లం కొనుక్కుని తింటూ, "కాయితం పిలిస్తే ఎవురొస్తారు మే? మనిషి పిలవాల," అన్నాడు పెద్దమ్మతో.

మర్నాడు పెద్దమ్మ కుంకుమ బరిణె పట్టుకుని, పెళ్లికి పిలిచినట్టు ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి సినిమాకు పిలిచింది. అమ్మలక్కలు ముక్కున వేలేసుకున్నారు, కానీ బొట్టు పెట్టి పిలిస్తే మనవాళ్లు రాకుండా ఉండలేరు. టికెట్టు కొనుక్కుని మరీ వస్తారు. బీడీలు చుట్టే నాగమ్మ గడప ముందర మాత్రం పెద్దమ్మ ఆగిపోయింది. నాగమ్మ మొగుడు పోయిన మనిషి. ఆకు కత్తిరిస్తూ తలెత్తకుండానే, "మమ్మల్ని యాడ పిలస్తార్లేమ్మా, పో," అంది. పెద్దమ్మ ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ఏడ్చింది.

పెదనాయన మర్నాడే వేలూరు వెళ్లి పన్నీరు తెచ్చి, తానే నాగమ్మ ఇంటికి నడిచాడు. "పన్నీరుకు అడ్డమేముండాది అక్కా? జాతర నాడు నువ్వే ముందర రావాల."

జాతర నాడు ఆయన తలపాగా చుట్టి, ఆడపెళ్లివారి పెద్దలా కొట్టాయి వాకిట నిలబడి, వచ్చినవాళ్లందరి మీదా పన్నీరు చిలకరించాడు. అందరికంటే ముందు నాగమ్మ, ఆమె వెనక ఆ వీధిలో మొగుడు పోయిన ఆడవాళ్లంతా వచ్చారు. పచ్చితోళ్లు శుద్ధిచేసే తోలుషాపుల్లో పని చేసి వస్తే బస్సులో జనం ముక్కు మూసుకునే పక్కూరు పేర్ణాంబట్టు కూలీలకు ఇంకో చిలకరింపు ఎక్కువే దక్కింది. ఇసుక మీద కాలు పెట్టే చోటు లేదు.

అప్పటినుంచి అది పన్నీరు కొట్టాయి. దొరికిన పేరును వదిలే మనిషా ఆయన? టికెట్టు మీద పన్నీరుబుడ్డి బొమ్మ, ఊళ్లో చేసే అగ్గిపెట్టెల మీద అదే బొమ్మ. చదువు రానివాళ్లూ బొమ్మ చూసి గుర్తుపట్టేవాళ్లు. కోడళ్ల కొంగు వాసన చూసి అత్తలు, "కొట్టాయికి పొయ్యొచ్చినావా?" అని నిలదీసేవాళ్లు. అది వ్యాపారమా మర్యాదా అంటే, ఆయనకు రెండూ ఒకటే. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ అంత ఇష్టం.

కొట్టాయి పోయి ఆ జాగాలో సెల్‌ఫోన్ల షాపులు లేచాయి. పెదనాయనా పోయాడు. మొన్నటి పెళ్లి పెద్దమ్మ సొంత తమ్ముడి మనవరాలిది. మండపమంతా వెతికినా పెద్దమ్మ కనబడక ఆమె ఇంటికి వెళ్లాను.

"ఫోన్లో పెళ్లిపత్రిక పంపినారు నాయనా. మనిషి వచ్చి పిలవలేదు, ఎట్ల పొయ్యేది?" అంది.

అప్పటికి ఆమె పట్టుచీర కట్టుకునే కూర్చుని ఉంది.