మామ రాయని నాలుగు పాదాలు

మొన్న మంగళవారం పొద్దున కాశిబుగ్గలో నా ఫ్లెక్సీల దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఫోనొచ్చింది, మా పక్కింటి మామ పోయాడని. చుట్టం కాడు, వరస కలుపుకున్న మామ. ఏడుపు తర్వాత వచ్చింది గానీ ముందు నాకు భయమేసింది. ఇప్పుడు ఆయన మీద కవిత ఎవరు రాయాలి?

మా వాడలో ఎవరు పోయినా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద నాలుగు పాదాలు ఆయనే రాసేవాడు మరి. నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. నా పక్కన స్టూలేసుకుని కూర్చుని, ఒక్క అక్షరం పక్కకు జరిగినా, రంగు కాస్త తేడా వచ్చినా ఊరుకునేవాడు కాదు. "తీరని లోటు" అని టైపు చేశానో, చేతి మీద ఒక్కటిచ్చేవాడు. నల్లా దగ్గర అందరితో కొట్లాడే పెద్దమ్మ ఒకామె పోతే ఇలా రాశాడు: "బిందెల వరసలో ఎప్పుడూ ముందే నిలబడింది, ఈ వరసలోనూ మమ్మల్ని దాటేసి పోయింది." ఆమె కొడుకులు తంతారేమోనని వణికాను. వాళ్లు చదివి, పడీపడీ నవ్వి, అప్పుడు ఏడ్చారు. చావింటి ముందు నవ్వొచ్చని నాకు నేర్పింది ఆయనే.

సగం కవితల్లో అంతా మాయ అని రాసే మనిషికి ఈ రంగుల పట్టింపేంటని ఒకసారి ఉడికించాను.

"మనిషి పోతడు అల్లుడా, నా కవిత గూడ పోతది. పది దినాలైతే ఈ ఫ్లెక్సీని ఏ కల్లంలనో మిర్చి మీద గప్పుతరు. ఆ పది దినాలన్న మంచిగుండాలె గదా," అన్నాడు.

మామ పోయిన రోజు సాయంత్రం, అన్నీ అయ్యాక, ఆయన మీద నేను రాసింది తీసుకెళ్లి అత్తమ్మకు వినిపించాను. అంతా ఆకాశం, ధ్రువతార. ఆమెకు చదువు రాదు. మామ కవిత ఎత్తుకుంటే కూర మాడుతోందని లేచిపోయేది. ఈసారి మాత్రం చివరిదాకా విన్నది.

"గీయన ఎవలు అల్లుడా? మా ఇంట్ల ఉన్నాయనైతే గాదు," అంది.

తర్వాత పొద్దుటి సంగతి చెప్పింది. రెండో చాయ్ అడిగి పెట్టించుకుని, ఊదుకుంటూ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి గోడకు ఒరిగాడట. నేను అక్కడే కూర్చుని ధ్రువతారను కొట్టేసి మళ్లీ రాశాను.

అంతా మాయ అన్నాడు మామ,
చాయ్ ఒక్కటి తప్ప.
అన్నీ వదిలేసి పోయాడు,
చాయ్ మాత్రం తాగే పోయాడు.

మర్నాడు వాళ్లింటి ఎదురుగా ఫ్లెక్సీ కట్టాం. ఒక ఆటో ఆగింది. డ్రైవర్ గట్టిగా చదివితే లోపలున్నవాళ్లు నవ్వారు. గడప దగ్గర కూర్చున్న అత్తమ్మ నన్ను పిలిచి చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది. మూడోసారి నేను ఆఖరి పాదం అందుకోకముందే ఆమే చెప్పేసింది.