తక్కువ తిరిగిన బండి

నిన్న పొద్దున మా చిన్నాయన కారు చూడడానికి ఒకతను వచ్చాడు. పక్క గల్లీ తెలుగువాళ్ళ అబ్బాయే, నాగ్‌పాడాలో పాత కార్ల వ్యాపారం. తెలుగు అర్థమవుతుంది గానీ మాట మాత్రం మరాఠీలోనే వస్తుంది. చిన్నాయన పోయి ఏడాది దాటింది. పిల్లలు లేని మనిషి, అందుకని గది తాళంతో పాటు బండి తాళమూ నా చేతికే వచ్చింది. గోడ వారగా టార్పాలిన్ కప్పుకుని ఉన్న బండిని అతను చుట్టూ తిరిగి చూడలేదు, టైరు తన్ని చూడలేదు. వెంట తెచ్చిన బ్యాటరీ తగిలించి, తాళం తిప్పి, మీటర్ మీదికి వంగాడు. వంగినవాడు ఎంతసేపటికీ లేవలేదు. చివరికి తల బయటపెట్టి, "కాకా, గాడీ చాలలీచ్ నాహీ," అన్నాడు. అసలు నడవనే లేదట. ఇన్నేళ్ళ బండికి మీటర్లో నాలుగంకెలే ఉండడం అతని వ్యాపారంలో లాటరీ తగలడమేనట. నేను తలూపాను. నాకేమీ అనిపించలేదు. ఏమైనా అనిపించాలేమోనని కాసేపు ఆగి చూశాను కూడా.

మా చిన్నాయన బతుకంతా ఒక సేట్ దగ్గర డ్రైవరు. మా ముత్తాతలు ఈ ఊరి గోడలు కట్టడానికి పాలమూరు నుంచి వచ్చారు. వాళ్ళ చేతికి తాపీ, ఈయన చేతికి స్టీరింగు. సేట్ బండి మార్చినప్పుడల్లా కొనవచ్చినవాళ్ళు మీటర్ చూసి ముఖం చిట్లించేవాళ్ళు, ధర పడిపోయేది, ఆ కోపం డ్రైవరు మీద దిగేది. ఎక్కడెక్కడ తిప్పావని అడిగేవాడట సేట్, వెనక సీట్లో కూర్చుని తిరిగింది తనే అయినా. అలా తిట్లు తినీ తినీ, కారంటే మీటరేనని ఆయన బుర్రలో నాటుకుపోయింది. పని మానేశాక సొంత బండి కొందామని నన్ను వెంటబెట్టుకుని నాగ్‌పాడా షెడ్లన్నీ తిరిగాడు. పిల్లను చూడబోయిన మగపెళ్ళివాళ్ళు వయసు అడిగినట్టు అన్నిటికంటే ముందు మీటరే అడిగేవాడు. కొంచెం ఎక్కువగా ఉంటే చాలు, తలుపు కూడా తెరవకుండా పక్కకు జరిగేవాడు. ఒక మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, రోజూ రోడ్డెక్కే బండే మంచిదనీ, నిలబెట్టిన బండిలో రబ్బర్లు ఎండిపోతాయనీ నచ్చజెప్పబోయాడు. ఈయన వింటేగా. "తిరిగిన బండి ఇంటికి పనికిరాదు బిడ్డా. తిరిగి తిరిగి నేనెట్లయిననో చూస్తలేవా?" అన్నాడు నాతో. చివరికి బైకుల్లాలో చూపు తగ్గి బండి నడపడం మానేసిన ఒక పెద్దాయన కారు దొరికింది. మీటర్ చూసి చిన్నాయన చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

ఆ రోజు ఆయనకంటే ఎక్కువ సంతోషపడింది చిన్నమ్మ. ఆమెకు ఒకటే చెల్లెలు, భివండిలో మరమగ్గాల వాడలో ఇల్లు. పండక్కో పబ్బానికో లోకల్ రైలెక్కి, దిగి, మళ్ళీ బస్సెక్కి, సకినాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని పోయేది. చెల్లెలి అత్తగారు నోరు మంచిది కాదు. "మొగుడేమో కార్ల తిరుగుతడంట, పెండ్లామేమో బస్సుల వస్తది," అని నలుగురిలో అనేసింది ఒకసారి. చిన్నమ్మ అప్పుడు నవ్వి ఊరుకుంది గానీ ఆ మాట కడుపులో పెట్టుకుంది. బండి వచ్చిన సాయంత్రమే చెప్పేసింది. "నాకు నగ వద్దు, నట్ర వద్దు. మా చెల్లె ఇంటి ముంగట ఒక్కసారి కార్ల దిగాలె, గంతే." చిన్నాయన టార్పాలిన్ తాడు బిగిస్తూ, "పోదాం తియ్యి, భివండి యాడికి పోతది?" అన్నాడు. ఎప్పుడడిగినా అదే జవాబు. కిలోమీటర్లు పెరిగితే ధర పడిపోతుందని ఆయన భయం. అమ్మే ఆలోచన మాత్రం ఏనాడూ లేదు. "భివండి యాడికి పోదులే, పోయేది మనమే," అనేది చిన్నమ్మ. ఆమె ఆ టార్పాలిన్ మీద మిరపకాయలు ఎండబెట్టుకుని, కారు కొన్నందుకు తనకు దక్కిన లాభం అదేనని మా చాల్‌లో గదిగదికీ చాటేది.

ఏడాదికొకసారి, దసరానాడు మాత్రం బండి కదిలేది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. గుడి గల్లీ చివరే అయినా ఇంజను ఆన్ చేస్తే మీటర్ తిరుగుతుందని చిన్నాయన మా మగవాళ్ళందరి చేతా గుడిదాకా నెట్టించేవాడు. తను స్టీరింగు పట్టుకునేవాడు, చిన్నమ్మ కొత్త చీర కట్టి వెనక సీట్లో కూర్చునేది. ఫాక్‌లాండ్ రోడ్ మలుపులో టాక్సీవాళ్ళు బ్యాటరీ పోయిందా అని పాపం జాలిగా అడిగేవాళ్ళు. మంచిగనే ఉందనేవాడు చిన్నాయన, గీర తగ్గకుండా. చిన్నమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "బతికుండంగనే నలుగురు మోస్తున్నరు నన్ను," అనేది. నెట్టేవాళ్ళం నవ్వు ఆపుకోలేక చేతులు వదిలేసేవాళ్ళం.

ఒక వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. టాక్సీలో ఆసుపత్రికి తీసుకుపోయాం. మళ్ళీ ఇంటికి రాలేదు. అస్థికలు నాసిక్‌లో గోదావరిలో కలపాలన్నారు పెద్దలు. ఎవరో రైలు సంగతి ఎత్తారు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న చిన్నాయన లేచి, "గాడి తీస్తున్న," అన్నాడు. ఎర్రగుడ్డ కట్టిన కుండను ముందు సీట్లో పెట్టి దానిచుట్టూ బెల్టు బిగించాడు. నేను వెనక కూర్చున్నాను. దారిపొడుగునా ఆయన మీటర్ వైపు చూడలేదు.

నాసిక్ దారిలోనే భివండి. మలుపు రాగానే, నన్నడగకుండా, బండి లోపలికి తిప్పాడు. మగ్గాల చప్పుడు మధ్య మరదలి ఇంటి ముందు ఆపాడు. దిగి, బండి ముందునుంచి అటువైపు పోయి, సేట్ కోసం బతుకంతా తెరిచినట్టే ఎడమ తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. తడిచేతులతో బయటికొచ్చిన చెల్లెలు కుండను చూసి గడప దగ్గరే ఆగిపోయింది. తర్వాత మెల్లగా వచ్చి సీటు మీద చెయ్యి వేసింది.

"కార్ల వస్తివా అక్కా," అంది.

లోపలికి పోయి, ఇంటికొచ్చిన తోబుట్టువుకు పెట్టినట్టే ఒక రవికె గుడ్డ తెచ్చి కుండ మీద కప్పింది. అత్తగారు తలుపు వెనకనుంచి చూస్తూ ఉండిపోయింది. కుండ లోపలికి పోకూడదు గనుక మేమెవరం లోపలికి పోలేదు. నాకు ఏడుపొస్తుందేమోనని వెనక సీట్లో కాచుకుని కూర్చున్నాను. రాలేదు. చిన్నాయన తలుపు నెమ్మదిగా, చప్పుడు కాకుండా వేశాడు.

తిరిగొచ్చాక ఆయన టార్పాలిన్ కప్పాడు. ఆ తర్వాత దసరాకు కూడా తీయలేదు.

ఇదంతా నిన్న ఆ అబ్బాయికి చెప్పలేదు. ఈ కాస్తయినా ఎక్కడ తిరిగిందని అడిగితే నాసిక్ అన్నాను. దేవుడి పనికా అంటే అవునన్నాను. రబ్బర్లు మార్చుకోవాలి, అయినా మీటర్ తక్కువ గనుక మంచి ధర ఇస్తానన్నాడు. చిన్నాయన భయపడినట్టు ధరేమీ పడిపోలేదు. తాళం ఇచ్చేశాను. పొద్దుగూకేలోపు బండి గల్లీ దాటిపోయింది, ఈసారి ఎవరూ నెట్టకుండానే. గోడ వారగా దాని మేరకు నేల పొడిగా, లేతరంగులో మిగిలింది. అక్కడ అది కదలకుండా నిలబడ్డ ఆ ఏళ్ళలోనే చిన్నమ్మ వయసంతా నడిచి వెళ్ళిపోయింది.