ఎవరూ పోగొట్టుకోని కుట్టుమిషను

దారిన పోయేవాళ్ళ చేత వాళ్ళు పోగొట్టుకోని వస్తువుల గురించి అడిగించడం పెదనాన్నకున్న ఒకే ఒక్క పిచ్చి. ఆయన ఉన్నన్నాళ్ళూ బస్టాండు పక్క సందులో నడిచిన ఏ మనిషీ దాన్నుంచి తప్పించుకోలేదు.

బస్సుల్లో జనం మరిచిపోయిన సామాను దాచే గదికి ఆయన గుమాస్తా. కిటికీలోంచి సగం మనిషి బయటికొచ్చి కేకేసేవాడు.

"ఏవయ్యా పోస్టుమాన్! ఇక్కడ కుట్టుమిషను ఉందా అని అడుగు."

"నాకెందుకండీ మిషను?"

"నీకెవరిస్తామన్నారు? అడగవయ్యా, నీ సొమ్మేం పోయింది!"

"సరే, ఉందా?"

"ఉంది. నీదా?"

"కాదు."

"మరింకేం, వెళ్ళు!"

అందరికన్నా ఎక్కువ నలిగిపోయింది ఆయన తమ్ముడి కూతురు, టీచరమ్మ. బడికి ఆమె దారి అదే. ఓరోజు గొడుగు, ఓరోజు కుట్టుమిషను, ఓరోజు కట్టుడుపళ్ళు.

"పిల్లలు వింటున్నారు పెదనాన్నా! నా పళ్ళు నాకున్నాయి."

"అందుకేగా మాట తిన్నగా వస్తోంది. అడుగు తల్లీ."

ఆమె సిగ్గుతో చచ్చిపోతూ అడిగేది.

ఓనాడు ఆమె వచ్చేసరికి కిటికీ వెనక కొత్త అధికారి నిప్పులు కక్కుతున్నాడు. "ఏడాదిలోగా ఎవరూ అడగని సామాను వేలం వేసెయ్యాలి. ఈ మిషను ఎప్పటిదయ్యా?"

"జనం అడుగుతూనే ఉన్నారు సార్. అడిగినప్పుడల్లా గడువు మళ్ళీ మొదటికొస్తుందిగా!"

"ఇంతమంది అడిగి ఒక్కరూ తీసుకెళ్ళలేదేం?"

"వాళ్ళది కాదు కదండీ!"

టీచరమ్మకి అప్పుడు బోధపడింది. ఇన్నాళ్ళూ తన సిగ్గు ఎవరి వస్తువులను కాపాడుతూ వచ్చిందో.

"సొంతదారు తరఫున అడిగితేనే లెక్క. రేపే వేలం," అన్నాడు అధికారి.

అంతలో చేతికర్ర పొడుచుకుంటూ ఒకావిడ వచ్చింది. "బాబూ, అప్పుడెప్పుడో బస్సు దిగుతూ పడి నడుం విరగ్గొట్టుకున్నాను. మిషను బస్సులోనే వెళ్ళిపోయింది. పంపడానికి నాకెవరూ లేరు. పచ్చ మూత, ఓ మూల చిట్లింది. అదుంటే మళ్ళీ నా కాళ్ళ మీద నేను నిలబడతా. ఉండదులెండి, ఊరికే అడుగుదామని..."

పచ్చ మూత, చిట్లిన మూల ఎదురుగానే ఉన్నాయి. అధికారి గొంతు తగ్గింది. "గడువు దాటిపోయిందమ్మా. ఏడాదిలోగా మీ తరఫున ఎవరైనా వచ్చి అడిగుంటే..."

"నేనడిగాను సార్, మొన్ననే," అంది టీచరమ్మ గట్టిగా. "ఈవిడ తరఫునే."

"ఈవిడ మీకు తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది సార్."

అధికారి ఆమెను ఎగాదిగా చూశాడు. నవ్వు దాచుకోవడానికి కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోగానే పెదనాన్న మిషనును భుజానికెత్తుకుని, బండి కోసం సందంతా దద్దరిల్లేలా కేకలేస్తున్నాడు.